జీతం లేని విదేశీ ఇంటర్న్‌షిప్పా, స్టైపెండ్ ఇచ్చే చిన్న ల్యాబా, ఉన్నచోటి నుంచే పనా: పరిచయాలకు ఏది మేలు?

చదువు చివరి ఏడాదికి వచ్చిన ఒక విద్యార్థి ముందు మూడు దారులు ఉన్నాయనుకుందాం. ఒకటి, వేరే దేశంలో అందరికీ తెలిసిన పెద్ద సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్. జీతం ఉండదు. విమానం టికెట్, అద్దె, తిండి అన్నీ తనే చూసుకోవాలి. రెండోది, విదేశంలోనే, ఎవరూ పెద్దగా పేరు వినని ఒక పరిశోధన బృందంలో పది వారాల పని. అక్కడ బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇస్తారు. మూడోది, ఇల్లు కదలకుండా, వేరే దేశాలవాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లో చేసే ప్రాజెక్టు.

చాలామంది మనసు మొదటిదానివైపే లాగుతుంది. "జీతం లేకపోతేనేం, పరిచయాలు దొరుకుతాయి కదా" అంటారు. ఆ పరిచయాల లెక్క తేల్చకుండానే ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపుతారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమంది విద్యార్థులకు రెండోదే మేలు. మొదటిది కొన్ని రంగాల్లో, కొన్ని షరతుల మీద మాత్రమే పనికొస్తుంది. మూడోదానికి మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదు.

ఏ పరిచయం ఉద్యోగం తెస్తుంది?

మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో ఉద్యోగం మారినవాళ్లను కొందరిని అడిగి, 1973లో ఒక వ్యాసం ప్రచురించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, అరుదుగా కలిసేవాళ్లు 27.8 శాతం. దగ్గరి స్నేహితులకు తెలిసిన సంగతులు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు వేరే వలయంలో తిరిగే మనిషి నుంచే వస్తుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం లింక్డిన్‌లో 2 కోట్ల మందికి సంబంధించిన ప్రయోగాలను పరిశీలించింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, ముక్కూమొహం తెలియనివాళ్లూ కాదు, ఓ మాదిరిగా తెలిసినవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ ఉపయోగపడ్డారని అందులో తేలింది.

ఈ రెండూ చూస్తే విదేశానికి వెళ్లడంలో అర్థం ఉంది. అక్కడ దొరికేది పూర్తిగా కొత్త వలయం. అయితే "ఓ మాదిరిగా తెలిసిన మనిషి" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సమావేశంలో చెయ్యి కలిపి, లింక్డిన్‌లో కలుపుకున్న మనిషి ఆ కోవలోకి రాడు. మనం రాసిన నివేదిక చదివినవాడు, మన తప్పు దిద్దినవాడు, చెప్పిన తేదీకి పని ఇచ్చామో లేదో చూసినవాడు వస్తాడు. రెండేళ్ల తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "ఈ అమ్మాయి ఎలా పనిచేస్తుంది?" అని అడిగితే, అతని దగ్గర చెప్పడానికి ఒక సంఘటన ఉంటుంది. నేను పరిచయం అని పిలిచేది దాన్నే.

ఈ కొలతతో చూస్తే పెద్ద సంస్థ అంత పెద్దగా కనిపించదు. ఒక జట్టు ఇంటర్న్‌లు వెళ్లగానే ఇంకో జట్టు వస్తుంది. పైఅధికారి మంచివాడే అయినా ఎంతమందిని గుర్తుపెట్టుకుంటాడు? జీతం ఇవ్వని చోట ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన సమయానికి సంస్థ ఏమీ చెల్లించడం లేదు కాబట్టి, అది వృథా అయినా అక్కడ ఎవరికీ నొప్పి ఉండదు. సమావేశాల నోట్సు, పట్టికలు సర్దడం, ఫోటోకాపీలు... ఇలా నెలలు గడిచిపోతాయి. స్టైపెండ్ ఇచ్చే చిన్న బృందం అలా ఊరుకోదు. పది వారాల్లో ఏదో ఒకటి తేలాలని వాళ్లకే తొందర ఉంటుంది. ఎనిమిది మంది ఉన్న ల్యాబులో మన పని ఎనిమిది మందికీ కనిపిస్తుంది.

పెద్ద సంస్థకు ఉన్న ఒక మంచి గుణాన్ని మాత్రం ఒప్పుకోవాలి. తోటి ఇంటర్న్‌లు. ఈరోజు పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లే పదేళ్లకు ఉద్యోగాలు ఇచ్చే స్థానంలో ఉంటారు. రకరకాల దేశాల నుంచి వచ్చిన అలాంటి తోడు చిన్న ల్యాబులో దొరకదు.

చేతిలో డబ్బు లేకపోతే పరిచయాలూ తగ్గుతాయి

ఎక్కువమంది లెక్కలో వేసుకోని సంగతి ఇది. పరిచయాలు చాలావరకు పని గంటల్లో కాదు, ఆ తర్వాత ఏర్పడతాయి. సాయంత్రం అందరూ కలిసి భోజనానికి వెళ్తారు. వారాంతంలో ఎవరో కొండ ఎక్కుదాం అంటారు. పక్క నగరంలో సదస్సు ఉంటుంది, రైలు టికెట్ కొనుక్కుంటే చాలు. జీతం లేని విద్యార్థి అద్దె తక్కువని ఊరి చివర గది తీసుకుంటాడు, చివరి బస్సు కోసం అందరికంటే ముందే లేచి వెళ్లిపోతాడు. భోజనానికి పిలిస్తే పని ఉందని చెబుతాడు. పక్కన చిన్న ఉద్యోగం చేసుకుందామంటే చాలాసార్లు వీసా ఒప్పుకోదు. నెలాఖరు టెన్షన్ మోస్తూ నవ్వుతూ మాట్లాడటం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. పరిచయాల కోసమే వెళ్లిన మనిషికి పరిచయాలు పెంచుకునే వీలే లేకుండా పోతుంది.

2015లో జెనీవాలో ఐక్యరాజ్యసమితిలో జీతం లేకుండా పనిచేస్తున్న 22 ఏళ్ల న్యూజిలాండ్ యువకుడు సరస్సు దగ్గర టెంట్‌లో ఉంటున్నాడని వార్త వచ్చింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది. ఆ టెంట్ వెనుక ఈ సమస్యను నలుగురి దృష్టికి తేవాలన్న ఆలోచన కూడా ఉందని అతనే ఆ తర్వాత ఒప్పుకున్నాడు. అంత మాత్రాన జెనీవా అద్దెలు అబద్ధం కాలేదు. ఐరాస సచివాలయం ఇంటర్న్‌షిప్‌లకు జీతం లేదు. పైగా, అక్కడ ఇంటర్న్‌గా చేసినవాళ్లు ఆ తర్వాత ఆరు నెలల వరకు సచివాలయంలో ప్రొఫెషనల్ స్థాయి ఉద్యోగాలకు పోటీపడకూడదన్న నిబంధన ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది. లోపలికి వెళ్తే లోపలే ఉద్యోగం వస్తుందని ఆశపడేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే చదివి ఉండాల్సింది.

అదే ఐరాస కుటుంబంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా వైట్‌హౌస్ 2022లో తన ఇంటర్న్‌లకు జీతం మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ విదేశాంగ విభాగం వివిధ దేశాల్లోని తన కార్యాలయాల్లో ఇంటర్న్‌లకు ఏమీ ఇవ్వకపోవడాన్ని ఆ యూనియన్‌లో ఫిర్యాదులు విచారించే అధికారి అయిన అంబుడ్స్‌మన్ 2017లో తప్పుపట్టారు. ఇవ్వగలిగే స్తోమత లేనివాళ్లా వీళ్లంతా? కాదు. అడిగేవాళ్లు లేనంతకాలం ఇవ్వలేదు. జీతం లేని చోటికి ఇంట్లో స్తోమత ఉన్నవాళ్లే రాగలుగుతారు. అంటే అక్కడ దొరికే తోటి ఇంటర్న్‌ల వలయం కూడా ఆ మేరకు కురచదే.

"జీతం లేదు కదా, టూరిస్ట్ వీసా చాలు"

ఈ మాట ఎవరు చెప్పినా నమ్మవద్దు. చాలా దేశాల్లో జీతం లేని పని కూడా పనే. బ్రిటన్‌లో డిగ్రీ చదివే విదేశీ విద్యార్థి కోర్సు జరిగే రోజుల్లో సాధారణంగా వారానికి 20 గంటలే పనిచేయాలి. జీతం లేని ఉద్యోగమైనా ఆ 20 గంటల్లోనే లెక్క. అమెరికాలో చదువు ముగించి ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేయడానికి విదేశీ విద్యార్థికి ఇచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం లేకుండా గడపడానికి మొత్తం 90 రోజులే గడువు. ఆ దశలో చదువుకు సంబంధించిన జీతం లేని పని వారానికి కనీసం 20 గంటలు చేస్తే ఆ గడువు కరిగిపోకుండా ఆపుకోవచ్చు. ఉద్యోగం వెతుక్కునే సమయంలో జీతం లేని పని నిజంగా ఆదుకునే సందర్భం ఇదొకటి. కానీ సైన్సు, ఇంజినీరింగ్ చదివినవాళ్లకు తర్వాత ఇచ్చే పొడిగింపులో జీతం లేని పని చెల్లదు.

సంస్థల మీద కూడా చట్టం ఉంది. ఫ్రాన్స్‌లో రెండు నెలలు దాటిన ఇంటర్న్‌షిప్‌కు భృతి తప్పనిసరి. జర్మనీలో 2015లో కనీస వేతన చట్టం వచ్చాక, కోర్సులో భాగం కాకుండా సొంతంగా చేసే ఇంటర్న్‌షిప్ మూడు నెలలు దాటితే కనీస వేతనం ఇవ్వాలి. అమెరికాలో ఒక సినిమా నిర్మాణంలో ఊరికే పనిచేసిన ఇంటర్న్‌లు కోర్టుకు వెళ్లారు. ఆ అనుబంధంలో ఎక్కువ లాభం విద్యార్థికా, సంస్థకా అని చూడాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ దేశ కార్మిక శాఖ 2018లో అదే పద్ధతిని తీసుకుంది. "మా దగ్గర ఎవరికీ ఇవ్వం" అని సంస్థ అన్నంత మాత్రాన అది చట్టప్రకారం సరైనదని అర్థం కాదు.

మరి జీతం లేనిది ఎప్పుడు మేలు?

కొన్ని రంగాలకు వేరే తలుపు లేదు. దౌత్యం, మానవ హక్కులు, మ్యూజియం పని, వన్యప్రాణి సంరక్షణ లాంటివాటిలో మొదటి మెట్టు మీద జీతం దొరకడం నిజంగానే కష్టం. ఆ రంగంలోనే ఉండాలని గట్టిగా నిర్ణయించుకున్న విద్యార్థిని వెళ్లవద్దు అనలేను. కాలేజీ గ్రాంటో, స్కాలర్‌షిప్పో ఖర్చు భరిస్తే జీతం లేదన్న మాటకు బరువు తగ్గుతుంది. యూరప్‌లో ఎరాస్మస్ పథకం కింద 2 నుంచి 12 నెలల ఇంటర్న్‌షిప్‌కు గ్రాంటు ఇస్తారు. జీతం లేని పని కాలం కూడా తక్కువగా ఉండాలి. ఎనిమిది, పది వారాల్లో ఏర్పడని పరిచయం ఆరు నెలలకు ఏర్పడుతుందని నాకు నమ్మకం లేదు. అప్పు చేసి మాత్రం వద్దు. అప్పు ఉన్నవాడు తిరిగి వచ్చాక మొదట దొరికిన ఉద్యోగంలో చేరిపోతాడు, సంపాదించిన పరిచయాలను వాడుకునే తీరికే ఉండదు.

ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని మన దగ్గరే డబ్బు తీసుకునే ఏజెన్సీల విషయంలో ఒక్కటే మాట. డబ్బు కట్టి కొన్న చోట మనల్ని ఎవరూ ఎంచుకోలేదు. మనల్ని ఎంచుకోనివాళ్లు మన గురించి పూచీ పడరు.

స్టైపెండ్ ఇచ్చేవి ఎక్కడున్నాయని అడుగుతారు. ఉన్నాయి, ముందుగా వెతకాలి. ఇంజినీరింగ్, సైన్సు విద్యార్థుల కోసం ఐఏఈఎస్‌టీఈ (IAESTE) అనే అంతర్జాతీయ సంస్థ 1948 నుంచి దేశాల మధ్య ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది. అక్కడి జీవన వ్యయానికి సరిపడా జీతం ఇవ్వాలన్నది దాని పద్ధతి. జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ తన వేసవి విద్యార్థులకు భత్యం ఇస్తుంది. వీటికి పోటీ ఎక్కువ, గడువులు నెలల ముందే ముగుస్తాయి. మనవాళ్లు చాలామంది అక్కడే వెనకబడతారు, ప్రతిభ లేక కాదు.

ఉన్నచోటి నుంచే చేసే పనికి, అందరికీ అందుబాటులో ఉండే (ఓపెన్ సోర్స్) సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ మంచి ఉదాహరణ. 2005 నుంచి నడుస్తోంది, స్టైపెండ్ ఉంది, ప్రతి ఒక్కరికీ ఒక మెంటర్ ఉంటారు. మనం రాసిన ప్రతి వరుసా నలుగురి కళ్ల ముందే ఉంటుంది. ఔట్రీచీ అనే కార్యక్రమం కూడా ఇలాంటిదే. మన పని చూసిన మనిషి అని ఇందాక అన్నానే, ఆ కొలతలో ఇవి పెద్ద సంస్థలో జీతం లేని ఆరు నెలల కంటే పైన నిలుస్తాయి. కొరత కూడా చెప్పాలి. అనుకోకుండా జరిగే మాటలు ఇక్కడ ఉండవు. నలుగురిలో కలవడానికి మొహమాటపడే విద్యార్థికి మాత్రం ఇదే తేలిక, ఎందుకంటే ఇక్కడ ముందు పని మాట్లాడుతుంది. చదువుతో పాటే సాగుతుంది కాబట్టి ఆ ఏడాది పోగొట్టుకునేదీ ఉండదు.

ఇప్పటికే జీతం లేని ఆఫర్ చేతిలో ఉండి తేల్చుకోలేకపోతుంటే, ఒప్పుకునే ముందు ఆ సంస్థకు ఒక మెయిల్ రాయండి. నాతో రోజూ పనిచేసేది ఎవరు? చివరికి నా పేరుతో బయటికి వచ్చే పని ఏమిటి? కిందటిసారి చేసినవాళ్లలో ఒకరితో మాట్లాడవచ్చా? బాగా చేస్తే సిఫార్సు లేఖ ఎవరు రాస్తారు? ఇవి అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. పేర్లతో, వివరాలతో జవాబు వస్తే, ఖర్చుకు ఏర్పాటు ఉంటే వెళ్లండి. "వచ్చాక చూద్దాం" అని వస్తే, ఆ సాయంత్రమే స్టైపెండ్ ఇచ్చే ల్యాబుకు ఒప్పుకుంటున్నట్టు రాసేయండి.