డిపో పక్కన బంకు: ఐదుకి నాలుగు స్టార్లు

నాది టాటా ఏస్. హైదరాబాద్‌లో నాచారం, మల్లాపూర్ షాపులకు సరుకు వేస్తుంటాను. చర్లపల్లి ఆయిల్ డిపోల దారిలో ఉన్న ఈ బంకులోనే డీజిల్ కొట్టిస్తాను. కొలత మీద డౌటుంటే అడగండి. ఐదు లీటర్ల కొలపాత్ర తెచ్చి మన కళ్ళ ముందే పోసి చూపిస్తారు, మొహం ముడుచుకోరు. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టరు.

వీళ్ళ అసలు పనితనం మాత్రం 2024 జనవరి 2న చూశాను. అజాగ్రత్తగా నడిపి యాక్సిడెంట్‌లో మనిషి ప్రాణం తీసి, పోలీసులకు చెప్పకుండా వెళ్ళిపోతే పదేళ్ళ దాకా జైలు అనే కొత్త సెక్షన్ మీద డ్రైవర్లు సమ్మెకి దిగారు. ఆగితే జనం చితక్కొడతారు, ఆగకపోతే జైలు. ఆ టెన్షన్ స్టీరింగ్ పట్టినవాడికే తెలుసు. డిపోలో ఆయిల్ నిండుగానే ఉంది, బంకు కూతవేటు దూరంలోనే ఉంది, ట్యాంకర్ తీసేవాడే లేడు. పైగా వాట్సాప్ పుకార్లకు ఊరంతా బంకుల మీద పడింది. చంచల్‌గూడలో డెలివరీ అబ్బాయి గుర్రమెక్కి వెళ్ళిన వీడియో మీరూ చూసే ఉంటారు.

అంత గోలలోనూ ఇక్కడి మేనేజర్ బండికింత అని లెక్క పెట్టి పోయించాడు. క్యాన్లు తెచ్చినవాళ్ళని వెనక్కి పంపాడు. అంబులెన్సుకి లైన్ లేదు. ఇంకో బంకులో 'నో స్టాక్' బోర్డు పెట్టి, తెలిసినవాళ్ళ కార్లకి వెనక నుంచి కొట్టడం కూడా అదే రోజు చూశాను. పేరెందుకులెండి.

సాయంత్రానికల్లా ఢిల్లీలో హోం శాఖ వాళ్ళు లారీల సంఘాన్ని కూర్చోబెట్టి, ఆ సెక్షన్ ఇప్పుడే అమలు చేయం, మీతో మాట్లాడాకే అన్నారు. జులై 1న ఆ సెక్షన్ ఉన్న కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, వచ్చినప్పుడు ఆ ఒక్క ముక్కా పక్కన పెట్టారు. అదే బస్సుల వాళ్ళ సంగతి చూడండి. మా బావ ఆర్టీసీ డ్రైవరు. 2019లో వాళ్ళు 52 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వంలో విలీనం అన్న డిమాండు తేలకుండానే డ్యూటీ ఎక్కారు. విలీనం బిల్లు 2023లో గానీ రాలేదు. వాళ్ళకి పట్టుదల తక్కువై కాదు. బస్సు ఆగితే తాత్కాలిక డ్రైవర్లని పెట్టారు, జనం ఆటోలూ మెట్రోలూ పట్టుకున్నారు. పెట్రోల్ ట్యాంకర్ అలా ఎవరు పడితే వాళ్ళు నడిపేది కాదు, దానికి వేరే ట్రైనింగు, లైసెన్సులో వేరే ముద్ర కావాలి. ట్యాంకర్ ఆగితే మంత్రిగారి కారూ ఆగుతుంది. ఈ మాట బావతో అంటే, 'మేం బండ్లాపితే పేదోడు ఆగాడు, అందుకే ఎవరికీ తొందర్లేదు' అన్నాడు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, టాయిలెట్‌కి ఎప్పుడూ తాళమే. తాళంచెవి అడిగితే ఆఫీసు రూము చూపిస్తారు, అక్కడ మనిషుండడు. గాలి మిషను బాగానే ఉంది గానీ, రాత్రి పది దాటితే పట్టేవాడుండడు, మనమే పట్టుకోవాలి.