మోహావీ ఎడారిలో రెండు రాత్రులు

అమ్మ అనంతపురం నుంచి వచ్చి నెల దాటింది. మాల్సూ, థీమ్ పార్కులూ తిప్పాక "ఈ మోత నాకొద్దు, ఏదైనా నిమ్మళంగా ఉండే చోటికి తీస్కపో" అంది. మార్చి చివర్లో లాస్ ఏంజెలెస్ నుంచి మోహావీ నేషనల్ ప్రిజర్వ్‌కి, అంటే కాలిఫోర్నియా ఎడారిలో ప్రభుత్వం కాపాడుతున్న ప్రాంతానికి, బయల్దేరాం.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. తెల్లవార్లూ లారీల హోరు, పాత ఏసీ గరగర. వేడినీళ్లు వచ్చాయి, అంతే. నేను మళ్లీ అక్కడ దిగను.

రెండో రాత్రి హోల్ ఇన్ ద వాల్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేశాం. 4,400 అడుగుల ఎత్తు కదా, చలి ఎముకల్లోకి దిగింది. షవర్లు లేవు. మరుగుదొడ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. దగ్గర్లోనే రింగ్స్ ట్రెయిల్: బండల మధ్య ఇరుకు సందులో, రాతికి బిగించిన ఇనుప కడియాలు పట్టుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు.

ఈ యాత్రంతా ఒక ఎత్తు, కెల్సో ఇసుక దిబ్బలు ఒక ఎత్తు. 650 అడుగుల దాకా లేస్తాయి. రెండడుగులు వేస్తే ఒకడుగు జారిపోతాం. పైన కూర్చుని మడమలతో ఇసుకను కిందికి తోశాను. ఎక్కడో లోపల తుమ్మెదల రొదలా మోగింది, ఆ అదురు అరచేతులకు తెలిసింది. కింద అమ్మ ఒక పురుగు నడిచిన జాడ వెంట వంగి వంగి చూస్తూ పోతోంది. నేను దిగి రాగానే "మా చిన్నప్పుడు పెన్నలో ఇట్లాంటి ఇసుకే ఉండె. లారీలకెత్తిరి" అంది.

ఈ దిబ్బల మీదికి లారీ కాదు కదా, సైకిలు కూడా రాకూడదు. ప్రకృతిని ఉన్నదున్నట్టు కాపాడే 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం అలాంటిది. కాలిఫోర్నియా ఎడారికి ఆ రక్షణ అడుగుతూ సెనేటర్ క్రాన్‌స్టన్ 1986లో బిల్లు పెట్టారు. గనులవాళ్లు, పశువుల పెంపకందార్లు, ఆఫ్-రోడ్ బళ్లవాళ్లు ఒప్పుకోలేదు. ఆ తర్వాత దాన్ని సెనేటర్ ఫైన్‌స్టైన్ భుజానికెత్తుకుంటే, 1994 అక్టోబర్ 31న అధ్యక్షుడు క్లింటన్ సంతకం పడింది. డెత్ వ్యాలీ, జాషువా ట్రీ నేషనల్ పార్కులయిందీ ఆ చట్టంతోనే. మోహావీలో వేటకు అనుమతి ఉంచారు, అందుకే దీన్ని పార్కు అనలేదు, ప్రిజర్వ్ అన్నారు. ఎనిమిదేళ్లు పట్టినా ఆ రాజీ మంచిదే అనిపించింది నాకు. బళ్లు తోలాలనుకునేవాళ్లకు బేకర్‌కు ఉత్తరాన డ్యూమాంట్ దిబ్బలున్నాయి. దారిలో అక్కడా ఆగాం, ఇంజన్ల రొదకు అమ్మ కారు దిగలేదు.

ప్రిజర్వ్‌లోనే సీమా అనే చోటి వైపు వెళ్తే మనసు చివుక్కుమంటుంది. 2020 ఆగస్టులో పిడుగు పడి లేచిన మంటల్లో ఈ ఎడారిలో పెరిగే ముళ్లాకుల జాషువా చెట్లు దాదాపు 13 లక్షలు కాలిపోయాయి. కొన్ని మోళ్లు ఇంకా నల్లగా నిలబడే ఉన్నాయి.

ప్రిజర్వ్ లోపల పెట్రోలు దొరకదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ట్యాంకు నింపుకుని, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. వేసవిలో పెద్దవాళ్లతో అసలు వెళ్లొద్దు. మార్చిలోనైతే టెంటే మేలు, రగ్గులు మాత్రం రెండు ఎక్కువే తీసుకెళ్లండి.