మౌంట్ చేసిన బ్యాకప్ డ్రైవ్‌లో పని చేస్తున్నారా? ఆపేయండి, నేను మునిగాను

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, తప్పులుంటే సర్దుకోండి. ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పేరు రాయను. పండగ ఆఫర్ అంటూ రోజుకు రెండు మెయిల్స్ పంపుతుందే, అదే. మన అకౌంట్స్ వాళ్లు చాలామంది దగ్గర చూశాను. నేనూ 2,400 పోసి కొన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు, అంతా నా సొంత తెలివే.

7వ తారీఖున ఆఫీస్ కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే డేటా అంతా ఉండే డ్రైవ్, పోయింది. ముందు రాత్రి తీసిన డిస్క్ ఇమేజ్, అంటే డ్రైవ్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా తీసిన కాపీ, ఉంది కదా అని టెన్షన్ పడలేదు. కొత్తది వేయించి, విండోస్, లెక్కలు రాసే ట్యాలీ ఎక్కించి, ఇమేజ్‌ని మౌంట్ చేశాను, అంటే ఆ ఫైల్ ఓ డ్రైవ్‌లా కనిపించేలా తెరిచాను. మొత్తం రీస్టోర్ చేసుకుంటూ కూర్చునే తీరిక లేదు, 11న జీఎస్‌టీఆర్-1 (క్లయింట్ల అమ్మకాల జీఎస్‌టీ రిటర్న్) గడువు. పైగా వాళ్ల పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశారు: ఒక్క క్లిక్‌తో మీ పాత డ్రైవ్, మామూలు డ్రైవ్‌లాగే వాడుకోండి అని.

వాడుకున్నాను. T డ్రైవ్‌గా వచ్చింది. ట్యాలీకి డేటా పాత్ అందులోని పాత ఫోల్డర్‌కే ఇచ్చాను. కంపెనీలన్నీ ఓపెన్ అయ్యాయి. 8, 9, 10 మూడు రోజులు కూర్చుని ముగ్గురు క్లయింట్లవి 212 వోచర్లు (లెక్కల ఎంట్రీలు) కొట్టాను. సేవ్ అవుతున్నాయి, రిపోర్టులు వస్తున్నాయి, ఒక్క ఎర్రర్ లేదు. 10 రాత్రి విండోస్ అప్‌డేట్ అడిగితే రీస్టార్ట్ కొట్టి ఇంటికి పోయాను.

పొద్దున వచ్చి చూస్తే T డ్రైవ్ లేదు. సరేలే అని మళ్లీ మౌంట్ చేశాను. ట్యాలీలో కంపెనీ పేరు పక్కన చివరి ఎంట్రీ తేదీ ఉంటుంది కదా. నేను పోయిన నెలాఖరు దాకా కొట్టిన కంపెనీకి అక్కడ ఆ నెల 18 అని ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. 18. మిగతా రెండు కంపెనీలూ అంతే. 6వ తారీఖు రాత్రి ఎలా ఉన్నాయో అలాగే చెక్కు చెదరకుండా ఉన్నాయి. శభాష్, బ్యాకప్ అంటే ఇదీ!

సపోర్ట్ చాట్‌లో 40 నిమిషాలు కూర్చోబెట్టి, చివరికి ఓ మనిషి వచ్చాడు. అంతా ఓపిగ్గా చెప్పాను. ఆయన జవాబు: "మౌంట్ చేసిన ఇమేజ్‌లో పని చేయమని మీకు ఎవరు చెప్పారు సార్?"

మీరే కదయ్యా చెప్పింది! ఆ పేజీ ఫొటో తీసి పంపాను. "అది మార్కెటింగ్ వాళ్లు రాసింది సార్, మాన్యువల్ చదవాలి" అన్నాడు. ఆ వెంటనే, ఉచిత సపోర్ట్ గడువు అయిపోయింది, రెన్యూ చేసుకుంటే సీనియర్ చూస్తాడు అని లింక్ పెట్టి చాట్ మూసేశాడు. పోయిన పనికన్నా ఆ లింక్ దగ్గరే నాకు ఎక్కువ కాలింది.

మాన్యువల్ అప్పుడు చదివాను. ఇమేజ్ ఫైల్‌ను మారిస్తే దాని మీద ఆధారపడ్డ తర్వాతి ఇంక్రిమెంటల్ బ్యాకప్‌లన్నీ (మారినంత వరకే తీసేవి) చెడిపోతాయి. అందుకని మనం మౌంట్ చేసిన డ్రైవ్‌లో రాసేదంతా పక్కన ఓ టెంపరరీ ఫైల్‌లోకి పోతుందట. అన్‌మౌంట్ కాగానే, అంటే ఆ డ్రైవ్‌ను మూసేయగానే, ఆ ఫైల్ పోతుంది. రీస్టార్ట్ చేసినా అంతే. నీటి మీద రాతలు. పద్ధతి తప్పని నేననను, ఇమేజ్ భద్రంగా ఉండాల్సిందే. కానీ మౌంట్ చేసే విండోలో "రైటబుల్" (రాయొచ్చు) అనే టిక్ ముందే పెట్టి ఉంచడం ఎందుకు? పక్కన ఒక్క వాక్యం హెచ్చరిక రాయడానికి చోటు లేదా? ఆఫర్ బ్యానర్‌కు మాత్రం సగం స్క్రీన్ ఉంది.

డిలీట్ అయిన ఫైల్ కోసం రికవరీ టూల్ కూడా నడిపించాను. ఎస్‌ఎస్‌డీలో డిలీట్ చేసిన చోటును ఖాళీ చేసేసే ట్రిమ్ పని చేశాక ఇంకేం మిగులుతుంది, ఏమీ దొరకలేదు. పదిహేనేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు ఆ T డ్రైవ్ మీద అనుమానం రాకపోవడం ఇంకో విచిత్రం.

కొన్నవాళ్లు ఆ టిక్ తీసేసి మౌంట్ చేయండి. కావాల్సిన ఫోల్డర్‌ను D లోకి కాపీ చేసుకుని అక్కడే పని చేయండి. నమ్మకం లేకపోతే మౌంట్ చేసిన డ్రైవ్‌లో ఓ చిన్న నోట్‌ప్యాడ్ ఫైల్ సేవ్ చేసి, అన్‌మౌంట్ చేసి, మళ్లీ మౌంట్ చేసి చూడండి. కొననివాళ్లు కొనకండి.

గడువు దాటింది, రోజుకు 50 చొప్పున లేట్ ఫీజు క్లయింట్ల మీద వేయలేను కాబట్టి నేనే కట్టుకుంటాను. ప్రస్తుతం 147వ వోచర్ దగ్గర ఉన్నాను.