ఐర్లండ్ స్కూల్ బస్సు: ఓమాలీ మొదలుపెట్టిన పథకం ఇప్పుడెలా నడుస్తోంది

ఐర్లండ్‌లో ఊరి శివార్లలోనో పల్లెలోనో ఇల్లు తీసుకున్న తెలుగు కుటుంబాలు మొదటి ఏడాది ఎక్కువగా తడబడేది స్కూల్ బస్సు దగ్గరే. మన దగ్గర బస్సు స్కూలుది. ఫీజు స్కూల్లో కడతాం, సీటు లేదంటే వెళ్ళి ప్రిన్సిపాల్‌నే అడుగుతాం. ఇక్కడ బస్సుకీ స్కూలుకీ సంబంధం లేదు. డబ్బు విద్యాశాఖది, నడిపేది బస్ ఏరన్ అనే ప్రభుత్వ సంస్థ. చాలా రూట్లలో బండి, డ్రైవరు మాత్రం ప్రైవేటు కాంట్రాక్టరువి. ప్రిన్సిపాల్‌ని ఎంత బతిమాలినా సీటు రాదు, ఇవ్వడం ఆయన చేతిలో లేదు. ఈ సంగతి తెలియక ఆగస్టు దాకా స్కూలు చుట్టూ తిరిగి, తీరా గడువు దాటిపోయాక అసలు చోటికి వెళ్ళేవాళ్ళు ఉంటారు.

ఈ పథకం డోనా ఓమాలీ అనే మంత్రి హయాంలో పుట్టింది. దీని నిబంధనలు ఇలా ఎందుకున్నాయో అర్థం కావాలంటే ఆయన గురించి కొంచెం తెలియాలి.

ఓమాలీ 1921లో లిమరిక్‌లో పుట్టాడు. చదివింది ఇంజనీరింగు. 1954లో ఫియన్నా ఫాయిల్ పార్టీ తరఫున ఐర్లండ్ పార్లమెంటుకు వెళ్ళాడు. 1961లో ఆర్థికశాఖలో సహాయమంత్రి స్థాయి పదవి, 1965లో ఆరోగ్యశాఖ, 1966 జూలైలో విద్యాశాఖ వచ్చాయి. అప్పటికే ఐర్లండ్ విద్య మీద ఒక పెద్ద నివేదిక బయటికొచ్చి ఉంది. ప్రైమరీతోనే ఎంతమంది చదువు ఆగిపోతోందో అది అంకెలతో సహా చూపించింది. మంత్రి అయిన రెండు నెలలకే, 1966 సెప్టెంబరు 10న, డబ్లిన్ పక్కనున్న డన్ లీరీలో జర్నలిస్టుల సంఘం విందులో ఓమాలీ లేచి మాట్లాడాడు. ఏటా 17,000 మంది పిల్లలు ప్రైమరీతోనే చదువు మానేస్తున్నారని, వచ్చే ఏడాది నుంచి సెకండరీ చదువు ఉచితమని ప్రకటించాడు. అది శనివారం రాత్రి, ఎదురుగా కూర్చున్నది పత్రికలవాళ్ళు. తెల్లారేసరికి వార్త దేశమంతా పాకింది. ఆర్థికమంత్రి జాక్ లించ్ అనుమతి లేదు, ఆ శాఖ ఖర్చు లెక్క చూసిందీ లేదు. ఆర్థికశాఖ కార్యదర్శి విటాకర్ ప్రధాని షాన్ లెమాస్‌కు గట్టిగానే అభ్యంతరం రాశాడు. కానీ జనానికి అప్పటికే మాట ఇచ్చేశారు, వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

ఫీజు రద్దు గురించి అందరూ చెప్పుకుంటారు, బస్సు గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నిజానికి పల్లె పిల్లలకు తలుపు తెరిచింది బస్సే. అప్పట్లో సెకండరీ స్కూళ్ళు ఎక్కువగా పట్టణాల్లో, చర్చి సంస్థల చేతుల్లో ఉండేవి. పది మైళ్ళ అవతల పొలం పక్కనున్న పిల్లకు ఫీజు మాఫీ చేస్తే సరిపోతుందా? ఆ పిల్ల బడి గుమ్మం దాకా చేరొద్దా? ఈ ప్రశ్నకు జవాబుగా 1967లోనే రవాణా పథకం కూడా వచ్చింది. ఇంజనీరు బుర్ర ఇక్కడే కనిపిస్తుంది: నీళ్ళు ఉచితమంటే చాలదు, పైపు కూడా వెయ్యాలి. ఆ తర్వాత ఆయన ఎంతో కాలం బతకలేదు. 1968 మార్చి 10న క్లేర్ కౌంటీలో ఉపఎన్నిక ప్రచారంలో ఉండగా హఠాత్తుగా చనిపోయాడు. అప్పటికి వయసు 47. విద్యామంత్రిగా ఉన్నది 20 నెలలు. డబ్లిన్‌లోని రెండు పెద్ద విశ్వవిద్యాలయాలు, ట్రినిటీ కాలేజీనీ యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్‌నీ కలిపేద్దామన్న ఆయన ప్రతిపాదన ఆచరణకు రాలేదు. ఉచిత చదువూ బస్సూ మాత్రం నిలిచాయి.

ఇక ఇప్పటి సంగతి.

ముందు ఖర్చు. 2023 నుంచి ప్రైమరీ పిల్లలకు ఏడాదికి 50 యూరోలు, సెకండరీకి 75, ఇంట్లో ఎంతమంది ఉన్నా మొత్తం 125 దాటదు. సెకండరీ స్కూలు ఏడాదికి 167 రోజులు నడుస్తుంది. ఆ లెక్కన పోను రాను కలిపి రోజుకు 45 సెంట్లు పడుతుంది. అంతకుముందు సెకండరీకి 350 యూరోలు కట్టినవాళ్ళకు ఈ తేడా విలువ బాగా తెలుసు. అర్హత ఉన్న పిల్లలకు మెడికల్ కార్డు (ప్రధానంగా ఆదాయం తక్కువున్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు) ఉంటే ఆ డబ్బు కూడా కట్టక్కర్లేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పూర్తిగా ఉచితం, కానీ వాళ్ళ దరఖాస్తు దారి వేరు, అది స్కూలు ద్వారా వెళ్తుంది. ఓమాలీ నాటి బస్సుకు అసలు ఛార్జీయే లేదు. సెకండరీకి 1983లో, ప్రైమరీకి 2011లో పెట్టారు. ఆ రెండు నిర్ణయాలూ పథకం మూలానికే అడ్డంగా వచ్చాయి. ఇప్పటి రేటు మాత్రం ఏ కుటుంబానికీ మోయలేని భారం కాదు.

అర్హత దగ్గరే అసలు చిక్కు. దశాబ్దాలుగా నడిచిన కొలత ఇది: ఇంటి నుంచి స్కూలు ప్రైమరీ అయితే 3.2 కిలోమీటర్లు, సెకండరీ అయితే 4.8 కిలోమీటర్లు, లేదా అంతకన్నా ఎక్కువ దూరంలో ఉండాలి. పాత రెండు మైళ్ళు, మూడు మైళ్ళనే కిలోమీటర్లలోకి మార్చారు. దానికి తోడు, పిల్ల చదివేది ఇంటికి అన్నిటికన్నా దగ్గరి స్కూలై ఉండాలి. ఈ రెండో షరతు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పేరున్న స్కూలని 9 కిలోమీటర్ల దూరాన చేరుస్తారు. 6 కిలోమీటర్లలో ఇంకో స్కూలుంటే ఆ పిల్లకు బస్సు హక్కుగా రాదు. దగ్గరి స్కూలు ఏదో తేల్చేటప్పుడు స్కూలు మత స్వభావాన్నీ బోధనా భాషనీ కూడా లెక్కలోకి తీసుకుంటారు. కాథలిక్ స్కూలు వద్దనుకుని అన్ని మతాలవాళ్ళనీ సమానంగా చూసే స్కూలు ఎంచుకునే కుటుంబాలు ఈ మాట తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. మీ విషయంలో అది ఎలా వర్తిస్తుందో అడ్మిషన్ తీసుకోకముందే బస్ ఏరన్‌ను రాతపూర్వకంగా అడగండి.

దూరం కొలిచేది ఐర్‌కోడ్ (ప్రతి ఇంటికీ విడిగా ఉండే పోస్టల్ కోడ్) పెట్టి, వెళ్ళడానికి వీలైన అతి చిన్న దారిలో. మీరు రోజూ కారులో వెళ్ళే దారి 3.5 రావచ్చు, వాళ్ళ లెక్కలో 3.1 తేలొచ్చు. అందుకే హద్దుకు అటూ ఇటూగా ఉన్న ఇల్లు కొనేముందు ‘బస్సు వస్తుంది’ అన్న ఏజెంటు మాట నమ్మకండి. పక్కింటి పిల్ల బస్సెక్కుతోంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. ఆ పిల్ల వేరే స్కూలుకు వెళ్తుండొచ్చు, మిగులు సీటులో వెళ్తుండొచ్చు.

మిగులు సీటును కన్సెషనరీ టికెట్ అంటారు. కన్సెషన్ అన్న మాట చూసి రాయితీ అనుకోకండి, ఫీజు అంతే కట్టాలి. అర్హులందరూ కూర్చున్నాక ఖాళీ ఉంటే ఇస్తారు. మీకోసం రూటు మార్చరు, పెద్ద బస్సు వేయరు. ఈ ఏడాది వచ్చిందని వచ్చే ఏడాది వస్తుందన్న హామీ లేదు. మొత్తం సేవలో అన్నిటికన్నా బలహీనమైన చోటు ఇదే. జూన్‌లో డబ్బు కట్టినా సీటు ఉందో లేదో స్కూలు తెరిచే ముందు దాకా తెలియకపోవచ్చు. సీటు రాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది, కానీ ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆగస్టు చివర్లో తెలిసే కబురుతో ఏం చేస్తారు? 2022లో జీవనవ్యయం పెరిగిందని ఒక ఏడాది టికెట్లు పూర్తిగా ఉచితం చేశారు. దరఖాస్తులు వెల్లువెత్తాయి, ఏళ్ళ తరబడి మిగులు సీట్లలో వెళ్తున్న పిల్లలు చాలాచోట్ల రోడ్డు మీద మిగిలిపోయారు. సీట్లు పెంచకుండా ధర మాత్రమే తీసేస్తే ఇలాగే అవుతుంది. ఓమాలీ రెండూ కలిపి ఎందుకు పెట్టాడో ఆ సెప్టెంబరులో బాగా తెలిసొచ్చింది.

దరఖాస్తు మాత్రం సులువే. బస్ ఏరన్ వెబ్‌సైట్‌లో ఫ్యామిలీ పోర్టల్ ఉంది. ఐర్‌కోడ్, పిల్లల పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవలకు వాడే గుర్తింపు నంబరు), స్కూలు పేరు, మెడికల్ కార్డు ఉంటే దాని వివరాలు చేతిలో ఉంచుకుంటే చాలు. కొత్తగా అప్లై చేయడానికి గడువు మామూలుగా ఏప్రిల్ ఆఖరి శుక్రవారం, డబ్బు కట్టడానికి జూన్ మొదటి శుక్రవారం. ఆ ఏడాది తేదీలు పోర్టల్‌లో చూసుకోండి. గడువు దాటితే అర్హత ఉన్నా వరసలో వెనక్కి పోతారు. మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. ప్రైమరీ చివరి తరగతి పూర్తయి సెకండరీకి మారే పిల్లకు పాత టికెట్ కొనసాగదు, కొత్తగా అప్లై చేయాలి. ఇల్లు మారినా అంతే, దూరం మళ్ళీ కొలుస్తారు.

బస్సు ఇంటి ముందుకు వస్తుందనుకోకండి. పికప్ పాయింటు దాకా పిల్లను చేర్చడం, సాయంత్రం అక్కడి నుంచి తెచ్చుకోవడం తల్లిదండ్రుల పని. డిసెంబరులో ఎనిమిదింటికి కూడా పూర్తిగా తెల్లారదు, చాలా పల్లె రోడ్లకు ఫుట్‌పాత్ ఉండదు. మెరిసే జాకెట్ లేకుండా పంపొద్దు. సీట్ బెల్ట్ సంగతి చిన్నప్పటి నుంచే అలవాటు చేయండి. 2005 మే నెలలో మీత్ కౌంటీలో స్కూల్ బస్సు ప్రమాదంలో ఐదుగురు అమ్మాయిలు చనిపోయారు. స్కూల్ బస్సులన్నిటికీ బెల్టులు వచ్చింది ఆ తర్వాతే. ఇప్పుడు మనిషికో సీటు, సీటుకో బెల్టు ఉన్నాయి. ఈ విషయంలో సేవకు పూర్తి మార్కులు వేయొచ్చు.

రూటు నిలవాలంటే కనీసం 10 మంది అర్హులైన పిల్లలు ఉండాలి. పలచగా ఇళ్ళున్న చోట ఈ సంఖ్య చాలా ముఖ్యం. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్రభుత్వ సమీక్ష దూరాన్ని ప్రైమరీకి 1 కిలోమీటరు, సెకండరీకి 2 కిలోమీటర్లు చేయాలని, దగ్గరి స్కూలు షరతును తీసేయాలని సూచించింది. ఇది దశలవారీగా 2030 దాకా సాగే పని. అంతా ఒక్కసారే మారిపోయిందని లెక్కేసుకోకండి, అప్లై చేసే ఏడాది నిబంధనే చూడండి. ఆ మార్పుకు తగినన్ని బస్సులు, డ్రైవర్లు దొరకాలి, కష్టమంతా అక్కడే. అయినా ఆ సూచన సరైనదే. పిల్ల ఏ స్కూల్లో చదవాలన్నది బస్సు రూటు నిర్ణయించకూడదు.

లక్షన్నరకు పైగా పిల్లల్ని రోజూ మోసే సేవ ఇది. అర్హత ఉండి, గడువులోపు అప్లై చేసినవాళ్ళకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. మిగులు సీటు మీద ఆధారపడేవాళ్ళకు రెండు మించి ఇవ్వలేం. వాళ్ళు మొదటి నెలకు వేరే ఏర్పాటు, పక్కవాళ్ళతో కార్‌పూల్ లాంటిది, ముందే చూసుకోవాలి.

అర్హత లేదని తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. దూరం కొలతలో తప్పుందనిపిస్తే దారి మ్యాపు, స్కూలు ఉత్తరం జతచేసి ముందు బస్ ఏరన్‌నే మళ్ళీ చూడమని రాయండి. ఒప్పుకోకపోతే విద్యాశాఖకు, ఆపైన స్వతంత్రంగా ఉండే స్కూల్ ట్రాన్స్‌పోర్ట్ అప్పీల్స్ బోర్డుకు వెళ్ళొచ్చు. అర్హత ఉండి కూడా మీ వైపు బస్సే లేకపోతే, సొంత కారులో దింపే ఖర్చులో కొంత భాగం రిమోట్ ఏరియా గ్రాంటు కింద ఇస్తారు. అది అడిగినవాళ్ళకే వస్తుంది.