గల్లీకి సీసీనా, బీటీనా?

హనుమకొండ, వరంగల్ కాలనీల్లో రోడ్డు శాంక్షన్ అయిందనగానే మొదలయ్యే పంచాయితీ ఇదే. సీసీ అంటే సిమెంట్ కాంక్రీట్ రోడ్డు, బీటీ అంటే తారు రోడ్డు. లోపలి గల్లీలకైతే నా ఓటు సీసీకే. తారుకు అసలు శత్రువు బండ్ల బరువు కన్నా నిలిచిన నీళ్లు. పగుళ్లలోకి నీళ్లు దిగితే కంకరను పట్టుకున్న తారు వదిలేస్తుంది. కంకర లేచి, చూస్తుండగానే గుంత పడుతుంది. 2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో మునిగిన కాలనీల వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

సీసీతో తంటాలు వేరు. తారు చల్లారితే అదే రోజు బండ్లు తిరగొచ్చు. సీసీ బలాన్ని లెక్కగట్టేదే 28 రోజులకు. గోనె సంచులు కప్పి రోజూ తడపాలి. కక్కుర్తంతా ఇక్కడే. రెండు రోజులు నీళ్లు చల్లి వదిలేస్తే పైపొర దుమ్ములా లేస్తుంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారో, గడప కన్నా రోడ్డు ఎత్తయి వాన నీళ్లన్నీ వాకిట్లోకే. నల్లా పైపు కోసం కోస్తే ఆ అతుకు సరిగ్గా కలవదు. తారుకు ప్యాచ్ వేయడం సులువు.

బస్సులు తిరిగే మెయిన్ రోడ్డుకు మాత్రం బీటీయే నయం. పైపొర గీకి, కొత్తది వేసి, తెల్లారేసరికి ట్రాఫిక్ వదలొచ్చు. ఏది వేసినా, డ్రైనేజీ, పైపులైన్ పనులు అయ్యాకే వేయమని పట్టుబట్టండి.