థార్: ఏఎక్స్ ఆప్షనల్ చాలా, ఎల్‌ఎక్స్ కావాలా? ములుగు, భూపాలపల్లి బాటల్లో నాలుగేళ్లకు పైగా నడిపాక

మహీంద్రా థార్ కొనాలనుకునేవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: పై వేరియంటుకు ఇచ్చే అదనపు డబ్బు దేనికి? షోరూములో ఇచ్చే కాగితంలో తేడాలన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. టచ్ స్క్రీన్ కింద ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఏర్పాటు), దాని కింద ఫాగ్ లైట్లు, ఆ కింద అల్లాయ్ చక్రాలు. చదివేవారికి అన్నీ సమానమైన విలువ గలవిగానే కనిపిస్తాయి. నేను మాత్రం ఆ వరుసను రెండు ముక్కలుగా విడదీసి చదువుతాను: బండి ఇంటికి వచ్చాక ఎప్పుడైనా బయట బిగించుకోగలిగినవి ఒక ముక్క, ఫ్యాక్టరీలో పెట్టకపోతే ఇక ఎన్నటికీ పెట్టించుకోలేనివి రెండో ముక్క. ధరలో తేడాను ఈ రెండో ముక్కతోనే తూచాలన్నది నా అభిప్రాయం.

నా పని సోలార్ పంపుసెట్లు, డ్రిప్ పరికరాలు బిగించడం, చెడితే సరిచేయడం. ఇల్లు హనుమకొండలో, పని ములుగు, భూపాలపల్లి జిల్లాల్లోనూ, నర్సంపేట చుట్టుపక్కలా. 163వ నంబరు జాతీయ రహదారి మీద గంటసేపు, ఆ తర్వాత బండ్ల బాట మీద అరగంట, ఇదీ నా మామూలు దినచర్య. నా బండి 2021లో తీసుకున్న కింది వేరియంటు, ఏఎక్స్ ఆప్షనల్; 2.2 లీటర్ల డీజిల్ ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్, గట్టి పైకప్పు (హార్డ్ టాప్). కాజీపేటలో ఉండే మా బావమరిది అదే ఏడాది పై వేరియంటు, ఎల్‌ఎక్స్ పెట్రోల్ ఆటోమేటిక్ తీసుకున్నాడు. కుటుంబంతో దూరం వెళ్లాల్సి వస్తే నేను అతని బండి తీసుకోవడం, వానల్లో పొలానికి పోవాల్సి వస్తే అతను నా బండి తీసుకోవడం మాకు అలవాటైపోయింది కాబట్టి రెండూ నా చేతికి బాగా తెలిసినవే.

ముందుగా రెండింటిలో ఒకటిగానే ఉన్నవాటిని పక్కన పెడదాం. ఛాసీ, సస్పెన్షన్, ఇంజను బలాన్ని ముందు ఇరుసుకు కూడా పంపేందుకు గేరు పక్కన చేతితో మార్చే ట్రాన్స్‌ఫర్ కేసు లివరు, తక్కువ వేగంలో నాలుగు చక్రాలకూ ఎక్కువ బలమిచ్చే ఫోర్ లో, 57 లీటర్ల ట్యాంకు, 650 మి.మీ. నీటి లోతు వరకు దాటగల సామర్థ్యం, ఇవేవీ ఈ రెండు బండ్ల మధ్య మారవు. "ఎల్‌ఎక్స్ అయితేనే బురదలోంచి బయటపడుతుంది" అన్న మాట ఇక్కడ చాలామంది నోట వింటాను. అది నిజం కాదు. బయటపడేసేది చాలావరకు టైర్లు, ఇరుసు రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియలు, వాటిని వాడే మనిషి.

టైర్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కింది వేరియంటు మేలుగా ఉండే చోటు ఇదే. నా బండికి 245/75 కొలతలో 16 అంగుళాల స్టీలు రిమ్ములు; ఎల్‌ఎక్స్‌కు 255/65 కొలతలో 18 అంగుళాల అల్లాయ్‌లు. లెక్క వేస్తే నా టైరు పక్కగోడ ఎత్తు సుమారు 184 మి.మీ., ఎల్‌ఎక్స్‌ది 166 మి.మీ. ఈ 18 మి.మీ. తేడా కాగితం మీద చిన్నది. జంపన్న వాగు లాంటి వాగుల ఎండిన ఇసుకలో గాలిని 18 పీఎస్‌ఐ వరకు దించినప్పుడు మాత్రం ఎత్తైన పక్కగోడ బాగా పరుచుకుని ఇసుక పైన తేలుతుంది, తక్కువ ఎత్తుది అంత పరుచుకోదు. రాళ్ల బాటలోనూ అంతే. రాయి దెబ్బకు రిమ్ము అంచు వంగినా, స్టీలు రిమ్మును పంక్చర్ దుకాణంలో సుత్తితో కొట్టి నిలబెట్టుకోవచ్చు. అల్లాయ్ పగిలితే మార్చడమే దారి. 16 అంగుళాల టైరు చవక కూడా. బండితో వచ్చినవి అరిగాక నేను అదే కొలతలో ఆల్ టెర్రైన్ టైర్లు వేయించాను. రోడ్డు మీద కాస్త హోరు పెరిగింది, బాట మీద నమ్మకం అంతకంటే ఎక్కువ పెరిగింది.

ఎల్‌ఎక్స్ టైరు మొత్తం వ్యాసం ఎక్కువ కాబట్టి గ్రౌండ్ క్లియరెన్సు 226 మి.మీ. ఉంటుంది, చిన్న చక్రాల బండికి సుమారు 7 మి.మీ. తగ్గుతుంది. ఈ తేడా నాకు పొలం గెట్టు దాటేటప్పుడు కూడా ఎప్పుడూ తెలియలేదు.

నల్లరేగడి సంగతి మాత్రం వేరు. వాన పడి తడిసిన రేగడిలో ఏ వేరియంటయినా ఒకటే. మట్టి టైరు గాడుల్లో నిండి, ఆల్ టెర్రైన్ టైరు కూడా నున్నటి టైరు అయిపోతుంది. అక్కడ గెలవడానికి ఫోర్ లో రెండో గేరులో ఆగకుండా, ఒకే వేగంతో పోవడమే ఉపాయం. పరకాల అవతల ఒక పత్తి చేను దగ్గర ఒక రైతు నా బండిని చూసి "సారూ, గిది రేగడి, మా ట్రాక్టరే దిగబడుతది" అన్నాడు. ఆ మాట విని బండిని చెల్క (ఎర్ర ఇసుక) నేల మీదే ఆపి పంపు దాకా నడిచి వెళ్లాను. ఏ వేరియంటు కొన్నా ఆ నడక తప్పదు.

ఇక డిఫరెన్షియలు. నా బండిలో వెనుక ఇరుసుకు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియలు ఉంది; ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండింటినీ కలిపి బిగించి తిప్పుతుంది. దీనికి మీట లేదు. ఇరుసు రెండు వైపులా చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి గవర్నర్ పట్టుకుని దానంతట అదే లాక్ చేస్తుంది, గంటకు సుమారు 30 కి.మీ. వేగం దాటితే పట్టుకోదు. కొత్తవారు చక్రం తిరగగానే భయపడి యాక్సిలరేటరు వదిలేస్తారు. వదలకుండా సన్నగా నొక్కి పట్టాలి. వెనుక నుంచి "టక్" మన్న శబ్దం రాగానే బండి ముందుకు జరుగుతుంది. మా బావమరిది పెట్రోల్ బండి ఆ పనిని బ్రేకులతో చేస్తుంది: గాలిలో తిరుగుతున్న చక్రాన్ని బ్రేకుతో ఆపి, బలాన్ని రెండో వైపు చక్రానికి పంపుతుంది. ముందు ఇరుసుకు కూడా పనిచేయడం దాని మేలు. అయితే ఆ బ్రేకు పట్టుదలను మించేటంత బలం ఇంజను నుంచి ఇవ్వాలి, కాబట్టి యాక్సిలరేటరు మరికాస్త ఎక్కువ నొక్కాల్సి వస్తుంది. ఎక్కువసేపు అదే పనిగా వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. లక్నవరం వైపు వాన కోసిన గుంతల బాటలో రెండు బండ్లూ దాటాయి. నాది నిదానంగా దాటింది, అతనిది కాస్త హడావుడిగా దాటింది. రోజూ పొలం పని ఉన్నవారికి నేను మెకానికల్ లాకునే సూచిస్తాను.

ఇంతవరకు చదివినవారు కింది వేరియంటే మేలని నిర్ణయానికి వచ్చి ఉంటారు. బాట మీద అది నిజమే. కానీ నా గంటన్నర ప్రయాణంలో గంట తారు రోడ్డు మీదే, అక్కడే ఎల్‌ఎక్స్‌కు ఇచ్చిన డబ్బు తన పని చూపిస్తుంది.

2020 అక్టోబరులో ఈ తరం థార్ అమ్మకానికి వచ్చినప్పుడు ఈఎస్‌పీ ఎల్‌ఎక్స్‌కే పరిమితం. నా బండిలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, ఈఎస్‌పీ లేదు. థార్ చక్రాల మధ్య దూరం 2,450 మి.మీ. మాత్రమే, పైగా ఎత్తైన బండి. ఇలాంటి బండిని వేగంలో ఒక్కసారిగా పక్కకు తిప్పి మళ్లీ దారిలోకి తెచ్చేటప్పుడు వెనుక భాగం జారే అవకాశం కారులో కంటే ఎక్కువ. ఈఎస్‌పీ ఆ జారుడును గుర్తించి ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి, ఇంజను బలం తగ్గించి బండిని దారిలో ఉంచుతుంది. మన రోడ్డు మీద పక్కకు తిప్పాల్సిన అవసరం ఎంత తరచుగా వస్తుందో ఇక్కడ బండి నడిపేవారికి చెప్పనవసరం లేదు: పత్తి లోడుతో వెనుక లైటు లేకుండా పోయే ట్రాక్టరు ట్రాలీ, చీకట్లో రోడ్డు మధ్య నిలబడిన బర్రెలు, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఆ వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు గోలీల మీద పడినట్టే. మా బావమరిది బండిలో అలాంటి చోట స్టీరింగు తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద పసుపు దీపం మినుకుమని బండి తనంతట తాను సర్దుకోవడం చూశాను. నా బండిలో ఆ సర్దుకోవడం నేనే చేయాలి. కాబట్టి రాత్రి పూట నా వేగం 70 దాటదు. డ్రైవింగు నేర్చుకుంటున్న మా అబ్బాయిని రాత్రి హైవే మీదికి తీసుకుపోయేటప్పుడు ఎల్‌ఎక్స్ తాళమే చేతిలో పెడతాం.

బండ్లను గుద్దించి భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2020లో ఈ బండికి పెద్దల రక్షణలోనూ, పిల్లల రక్షణలోనూ నాలుగేసి నక్షత్రాలు ఇచ్చింది. ఆ నక్షత్రాలు గుద్దుకున్న తర్వాతి సంగతి చెబుతాయి. ఈఎస్‌పీ గుద్దుకోకముందు చేసే పని. దాన్ని ఏ మెకానిక్ షెడ్డులోనూ బిగించలేరు. నేను మొదట చెప్పిన రెండో ముక్కలో అన్నిటికంటే బరువైనది ఇదే.

మిగతా ఎల్‌ఎక్స్ సౌకర్యాల గురించి ఎక్కువ చెప్పను. టచ్ స్క్రీను, స్పీకర్లు, ఫాగ్ లైట్లు వరంగల్‌లోనే, పై వేరియంటుకు ఇచ్చే అదనపు డబ్బు కంటే తక్కువకు పెట్టించుకోవచ్చు. టైర్లలో గాలి ఎంతుందో చెప్పే ఏర్పాటు బాగుంటుంది, ఇసుక కోసం గాలి దించినప్పుడు మాత్రం హెచ్చరిక వెలుగుతూనే ఉంటుంది. జేబులో గేజి, డిక్కీలో చిన్న కంప్రెసరు ఉంటే ఆ లోటు తెలియదు. క్రూజ్ కంట్రోలును ములుగు రోడ్డు మీద వాడే వీలు నాకు ఇంతవరకు దొరకలేదు. ఎత్తు మార్చుకునే డ్రైవరు సీటు ఒక్కటే నేను కోరుకునేది, రోజంతా నడిపేవారి నడుముకు అది అవసరం.

మేము కొన్నప్పుడు పైకప్పు ఎంపిక కూడా వేరియంటుతో ముడిపడి ఉండేది కాబట్టి ఒక మాట. మే నెలలో మన ఎండకు, బాటల మీది దుమ్ముకు హార్డ్ టాప్ తప్ప వేరేది ఆలోచించనవసరం లేదు. కాకపోతే మూడు తలుపుల థార్‌లో వెనుక అద్దాలు తెరుచుకోవు, వెనుక సీటుకు ముందు సీటు వంచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉంటే వేరియంటు సంగతి పక్కన పెట్టి, 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్‌ను చూడటం మేలు. నేను వెనుక సీట్లు మడిచి పైపు చుట్టలు, కంట్రోలర్ పెట్టెలు వేసుకుంటాను, నాకు ఇబ్బంది లేదు.

ధర లెక్కలో పన్నును మరచిపోకూడదు. జీవితకాల పన్నును బండి ధరపై శాతంగా కడతాం కాబట్టి రెండు వేరియంట్ల మధ్య షోరూము ధరలో కనిపించే తేడా రిజిస్ట్రేషను, బీమా అయ్యేసరికి పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన కొత్త జీఎస్టీలో నాలుగు మీటర్లలోపు పొడవు, 1,500 సీసీలోపు డీజిల్ ఇంజను ఉన్న బండికి 18 శాతం, అంతకు మించిన ఇంజనుకు 40 శాతం పన్ను. థార్ పొడవు 3,985 మి.మీ. కాబట్టి 2023లో వచ్చిన 1.5 లీటర్ల డీజిల్ మొదటి కోవలోకి వస్తుంది. కానీ దానికి వెనుక చక్రాల నడకే ఉంటుంది, ఫోర్ బై ఫోర్ లేదు. చెల్క నేలల్లో తిరిగేవారికి, ఏడాదిలో ఎక్కువ భాగం పొడి బాటలే ఉన్నవారికి అది చాలు. వాగులు దాటాల్సినవారికి, ఇసుకలో దిగాల్సినవారికి చాలదు. 2.2 డీజిల్ కొని ఊళ్లోనే తిప్పుదామనుకునేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: పొగలోని మసిని పట్టే వడపోత (డీపీఎఫ్)లో పేరుకున్న మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడు హైవే వేగం కావాలి.

ఈఎస్‌పీ కోసం పై వేరియంటు కొనాల్సిన ఈ తిరకాసు అన్ని బండ్లలోనూ ఉండదు. మారుతి జిమ్నీలో జీటా, ఆల్ఫా వేరియంట్లు రెండింటికీ ఫోర్ బై ఫోర్, ఈఎస్‌పీ, ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. అక్కడ పై వేరియంటు అంటే నిజంగా సౌకర్యాలే. నా సామానుకు అది చిన్నదైంది కాబట్టి దాని గురించి ఇంతకంటే చెప్పలేను.

థార్ జాబితాలు మాత్రం ఏటా మారుతూ వచ్చాయి. మెకానికల్ లాకు ఒకప్పుడు ఉన్న వేరియంటులో తర్వాత లేకపోవడం, ఎంచుకుంటేనే వచ్చేదిగా మారడం జరిగింది. 2025 అక్టోబరు మార్పుల్లో వేరియంట్ల పేర్లే ఏఎక్స్‌టీ, ఎల్‌ఎక్స్‌టీ అయ్యాయి. కాబట్టి నా 2021 బండిని చూసి ఈనాటి బండికి డబ్బు కట్టవద్దు. బుకింగు కాగితంలో ఈఎస్‌పీ, వెనుక ఇరుసు లాకు అన్న రెండు పదాలు రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూసి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి. పాత బండి కొనేవారు అమ్మేవారి మాట మీద ఆధారపడకుండా, ఒక వెనుక చక్రం గుంతలో వేలాడేలా బండిని నిలిపి, మొదటి గేరులో సన్నగా యాక్సిలరేటరు నొక్కి చూడాలి. మెకానికల్ లాకు ఉంటే కాసేపు చక్రం తిరిగాక ఆ శబ్దం వినిపించి బండి కదులుతుంది, ఆ లాకు గానీ బ్రేకుతో ఆపే పద్ధతి గానీ లేకపోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈఎస్‌పీ ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడం ఇంకా తేలిక: తాళం తిప్పగానే మీటర్ల దగ్గర జారుతున్న కారు బొమ్మ ఉన్న దీపం వెలిగి ఆరుతుంది.