కాన్వాస్ బెల్ టెంట్: హైదరాబాద్‌లో ఏడాదంతా ఉండటానికి పనికొస్తుందా?

ఇది గంట ఆకారంలో ఉండే గుండ్రటి గుడారం: నాలుగు మీటర్ల వెడల్పు, 320 జీఎస్ఎం (చదరపు మీటరుకి 320 గ్రాముల) కాటన్ కాన్వాస్, మధ్యలో ఒకటే గుంజ. నలుగురు చాపలేసుకుని పడుకోవచ్చు. మంచం, పొయ్యి, ట్రంకుపెట్టె పెడితే ఒకరిద్దరికే.

కొత్త కాన్వాస్ మొదటి వానకి కుట్ల దగ్గర కారుతుంది. కంగారుపడి వెనక్కి పంపకండి. జూన్‌కి ముందే వేసి, పైపుతో బాగా తడిపి, పూర్తిగా ఆరనివ్వాలి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే దారం ఉబ్బి సూది రంధ్రాలు పూడిపోతాయి. అప్పటికీ కారే చోట మైనం రుద్దాలి. సబ్బు, సర్ఫు మాత్రం తగలనివ్వొద్దు, నీళ్లు ఆపే పూత పోతుంది.

అసలు లోపం తాళ్లు కట్టడానికి టెంట్‌తో ఇచ్చిన మేకులు. మన మొరం నేలలో రాయి తగిలిందంటే రెండు దెబ్బలకే వంగిపోతాయి. రాణిగంజ్‌లో 12 ఎంఎం ఇనుప కడ్డీని అడుగున్నర ముక్కలుగా కోయించుకోండి. ఉత్త బండ మీదైతే ఇసుక బస్తాలే గతి. ఇచ్చిన తాళ్లు నూలువి, తడిస్తే బిగుసుకుని మేకుల్ని పీకేస్తాయి. మబ్బు పట్టగానే కాస్త వదులు చేయాలి. నైలాన్ తాడైతే దీనికి రివర్సు, తడిస్తే సాగుతుంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటినప్పుడు మధ్యాహ్నం లోపల ఉండలేం. పైన అడుగు ఎడం వదిలి ఎండని 75 శాతం ఆపే షేడ్ నెట్ (నీడ వల) కట్టండి. గుడ్డకి ఆనించి కడితే గాలి ఆడదు, పైగా రాపిడికి కాన్వాస్ అరుగుతుంది. చుట్టూ కింది అంచు పైకి చుట్టేసే వీలుంది, డబ్బు పెట్టాల్సింది దానికే. విప్పితే బాగా ఆరాకే మడవాలి. కొంచెం తడి ఉన్నా రెండు మూడు రోజుల్లో నల్ల బూజు పడుతుంది, ఆ మచ్చ ఇక పోదు.